తెల్లగీత లేని నట్టు

గాలి అయ్యుంటుంది, గాలే అయ్యుంటుంది, ముందు టైర్లో గాలి తగ్గితే ఎంత మంచి బండైనా హ్యాండిల్ తిరగనని మొరాయిస్తుంది, ఇది తెలియడానికి ఉస్తా అనిపించుకున్న మెకానిక్కు కానక్కర్లేదు, సైకిలు తొక్కే పిల్లకాయకైనా తెలుసు, అనుకుంటూ యదుల్లా సగం దించిన షట్టరు వెనకాల గొంతుక్కూచుని టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు మెత్తగా లోపలికి పోయింది. అమ్మయ్య అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. అల్లుడు మట్టిలో కలిసి నలభై రెండు రోజులు, ఆ అల్లుడు పడిపోయిన బండి టైర్లో గాలి లేదని అమ్మయ్య అనుకునే మామ ఇరాన్ ఎడారి నడుమ ఈ యజ్ద్ ఊళ్ళో ఇంకొకడుంటాడా. ఉండడు. అయినా అమ్మయ్యే. గురువారం మధ్యాహ్నం మూడు గంటలు, ఊరు ఊరంతా తలుపులేసుకుని కూలర్ల కింద నిద్రపోతోంది, అయిదు దాకా ఏ కొట్టూ తెరవరు, ఎవరూ రారు. కూతురు మర్జియే ఒక్కతే వస్తుంది. ఖర్జూరాలూ పన్నీటి సీసానూ పట్టుకుని ఖబరస్తానుకి పోయింది, మొగుడి సమాధి రాయి కడిగి, పక్కన కూర్చుని, ఆ పళ్ళు నలుగురికీ పంచి, నాలుగింటికి తిన్నగా ఇక్కడికే వస్తానంది. వచ్చేసరికి ఒక్క మాట కావాలంది. పోలీసు యార్డులోంచి నిన్న వ్యానులో బండి దింపుతుంటే గోడకి ఆనుకుని నిలబడి చూసి, నువ్వు చూసి చెప్పు బాబా, బండి బాగుందా లేదా, నాకదొక్కటీ తెలిస్తే చాలు, అంది. ఒక్క మాటే కదా అనిపిస్తుంది. ఆ ఒక్క మాట మీద పిల్ల మిగతా బతుకంతా ఆనుకుని ఉంది.

ఎందుకంటే పోలీసు కాయితంలో వేగం, అజాగ్రత్త అని రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు. ఆ రెండో ముక్కని పట్టుకుంది అల్లుడు వహీద్ తల్లి. నలభయ్యోరోజు సంతాపానికి వచ్చిన ఆడవాళ్ళందరి మధ్యా కూర్చుని, కళ్ళొత్తుకుంటూనే, నా కొడుకు ఎనిమిదేళ్ళుగా ఆ తఫ్త్ రోడ్డు మీద పోతున్నాడు, దానిమ్మ తోటల మలుపు వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మనసు విరిచి పంపితే తప్ప వాడు పడడు, అంది. ఎవరు విరిచారో పేరు పెట్టలేదు. ఈ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టరు. పెట్టాల్సిన అవసరం లేకుండా అందరూ మర్జియే వైపు చూసి, చూడనట్టు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. మర్జియే తలెత్తలేదు. గొడవ జరిగిన మాట నిజం. ఆ పొద్దున మొగుడూ పెళ్ళాలు అరుచుకున్నారు, గోడ అవతలివాళ్ళు విన్నారు. బండిలో లోపం ఉందని తేలితే ఆ మాట గాల్లో కలిసిపోతుంది, లేదంటే పిల్ల ముసలిదై చచ్చేదాకా మొగుణ్ణి అరిచి చంపిన ఆడదిగా మిగిలిపోతుంది. కాబట్టి బండిలో ఏదో ఒకటి ఉండాలి. ఉండాలి గానీ అది యదుల్లా చేతి కింద జరిగింది కాకూడదు. దేవుడా, ఏదైనా పెట్టు, ఎక్కడైనా పెట్టు, నేను ముట్టుకోని చోట పెట్టు.

కాలి పంపు తీసి గాలి కొట్టాడు. కంప్రెసరు వేస్తే వీధి లేస్తుంది. కొడుతుంటే మోకాలు కలుక్కుమంది, ఆగి మళ్ళీ కొట్టాడు, అరవై రెండేళ్ళ మోకాలు. మీటరు ముల్లు రావాల్సిన చోటికి వచ్చింది. లేచి హ్యాండిల్ పట్టుకుని తిప్పాడు. తిరిగింది, కానీ అదే బరువు, మట్టికుండని నీళ్ళతో సహా నేలమీద జరిపినట్టు. సరే, టైరు ఇప్పుడు నిండింది కదా, ఆ రోజు ఖాళీగా ఉండి ఉండొచ్చు కదా, అని మళ్ళీ కూర్చుని టార్చి వేసి టైరు అంచులు చూశాడు. గాలి లేకుండా పరిగెత్తిన టైరు దాచుకోలేదు, అంచులు రాసుకుపోయి బూడిదరంగులో నలిగి ఉంటాయి. ఈ టైరు అంచులు కొత్త చెప్పు అంచుల్లా నిగనిగలాడుతున్నాయి. యార్డులో నలభై రోజులు నిలబడి తగ్గిన గాలి, అంతే. ఒకటి పోయింది. మామూలు రోజుల్లో ఒక్కొక్కటీ ఇలా కొట్టేసుకుంటూ పోవడమే యదుల్లాకి ఇష్టమైన పని, ఇది కాదు, ఇదీ కాదు అనుకుంటూ చివరికి దొంగ దొరికే చోటికి వెళ్ళడం, నలభై ఏళ్ళుగా అదే అన్నం పెట్టింది. ఇవాళ ఏ భాగం బాగుంటే ఆ భాగం మీద కోపం వస్తోంది. బాగుండి ఏడ్చావా, నీకేం పోయేకాలం, కాస్త పాడై ఉంటే నీ సొమ్మేం పోయింది అని టైరుని తిట్టాడు.

కేబుళ్ళు. క్లచ్చి కేబులో యాక్సిలరేటరు కేబులో హ్యాండిల్ మెడ దగ్గర ఇరుక్కుంటే ఒక పక్కకి తిరిగి రెండో పక్కకి తిరగదు, ఎన్ని చూడలేదు అలాంటివి, ఒకసారి ఒక ముల్లా గారి బండి కుడికి తప్ప తిరగకపోతే నాలుగు రోజులు ఊరంతా కుడి మలుపులే వెతుక్కుంటూ తిరిగి, అయిదో రోజు వచ్చి, అబ్బే ఏం లేదు ఉస్తా, మిమ్మల్ని చూసి పోదామని వచ్చాను అన్నాడు. అదీ ఈ ఊరి తీరు. ఎవడూ రోగం చెప్పడు. వస్తారు, ఆరోగ్యం అడుగుతారు, పిల్లల ఆరోగ్యం అడుగుతారు, టీ వద్దంటారు, వద్దని మూడుసార్లన్నాక తాగుతారు, బండి గులాబీ పువ్వులా ఉంది, మీ చేతికి నొప్పి రాకూడదు అని మర్యాదకి మెచ్చుకుంటారు, లేచి వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర, చిన్న శబ్దం, అసలు చెప్పుకోదగ్గదే కాదు, అంటారు. చూస్తే ఇంజను సగం ఊడి ఉంటుంది. నీ పని బాలేదని మొహం మీద అనడం కన్నా బండితో సహా బావిలో దూకడం వాళ్ళకి సుఖం. రిపేరు కన్నా రోగం చెప్పించడమే పెద్ద పని. అందుకే కదా మర్జియేని పెట్టుకున్నాడు. ఏడేళ్ళ పిల్ల, చెక్కపెట్టె మీద ఎక్కించి నిలబెట్టి, ముందు చక్రం గాల్లోకి లేపి, కళ్ళు మూసుకో తల్లీ, రెండే రెండు వేళ్ళు హ్యాండిల్ మీద పెట్టు, తిప్పు, ఎలా ఉందో చెప్పు, మన కొట్లో మొహమాటం లేదు, బయట ఎంతైనా మొహమాటపడు, ఇక్కడ మాత్రం నాకు నిజం చెప్పాలి, అని నేర్పాడు. పెద్దవాళ్ళ చేతులు బరువుకి అలవాటు పడిపోతాయి, పిల్ల వేళ్ళకి అబద్ధం తెలీదు. గిరాకీల ముందే మొహం చిట్లించి, బరువు బాబా, అనేది. మధ్యలో రాయి తగులుతోంది బాబా, అనేది. గిరాకీలు నవ్వేవాళ్ళు, అయ్యయ్యో అమ్మాయీ మీ బాబా పనికి వంక పెడతావా అనేవాళ్ళు, నవ్వుతూనే లోపల హమ్మయ్య అనుకునేవాళ్ళు, తమ నోటితో అనక్కర్లేకుండా పోయిందని. పద్నాలుగేళ్ళు వచ్చేదాకా అదే పని. ఇంట్లో కూడా తండ్రీ కూతుళ్ళ మధ్య థాంక్సులూ మర్యాదలూ ఉండేవి కావు, ఉప్పు ఎక్కువైతే ఎక్కువైందనే, చొక్కా బాలేకపోతే బాలేదనే. పరాయివాళ్ళకి మర్యాద, మనవాళ్ళకి మాట, అనేవాడు.

హెడ్‌లైటు విప్పి వైర్లన్నీ బయటికి లాగి చూశాడు. ఒక్కటీ ఇరుక్కోలేదు, నలగలేదు. హ్యాండిల్ ఈ చివర నించి ఆ చివరకి తిరుగుతుంటే తీగలు హాయిగా కదులుతున్నాయి, బరువు మాత్రం కదలడం లేదు. రెండోదీ పోయింది. ఫోర్కు మిగిలింది. పడ్డప్పుడు ఫోర్కు వంగి ఉంటే, వంగితే హ్యాండిల్ బరువెక్కుతుంది, అప్పుడు ఈ బరువంతా పడ్డాక వచ్చిందే తప్ప పడక ముందు ఉన్నది కాదు, బండి పడింది కాబట్టి బిగిసింది, బిగిసింది కాబట్టి పడడం కాదు. ఆ ఆలోచన రాగానే యదుల్లాకి ఒళ్ళంతా వెచ్చబడింది. దారప్పండ తీసి వెనక టైరు నించి ముందు టైరు దాకా రెండు పక్కలా దారం పట్టాడు, ఒంటి చేత్తో పట్టలేక ఒక కొసని సుత్తి కింద పెట్టి, నేలమీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసుకుని చూశాడు. దారం నాలుగు చోట్లా ముద్దు పెట్టుకుని కూర్చుంది. రెండు ఫోర్కు కాళ్ళ మీదా అద్దం ముక్క ఆనించాడు, ఎటూ ఊగలేదు. వెనక చక్రం పట్టుకుని ఊపాడు, బుష్‌లు పోతే అక్కడ లొటలొట వినపడాలి, వినపడలేదు, ఎలా వినపడుతుంది, మొన్న శీతాకాలం తనే మార్చాడు, అల్లుడి బండి కదా అని మంచివి వెతికి వేశాడు. బండి ఎడమ పక్కకి వాలి రోడ్డు మీద జారింది, అంతే, చక్రం దేనికీ కొట్టుకోలేదు. కాలి రాడ్డు అరిగింది, అద్దం పగిలింది, ట్యాంకు మీద ఒక నొక్కు. బండికి తగిలింది ఇంతే. కాలవగట్టు రాయి తగిలింది మనిషికి. వెనక క్యారియరు మీద కొట్లకి వేయడానికి కట్టిన ఖొత్తాబ్ మిఠాయి పెట్టెలు పదకొండూ చెదిరి రోడ్డంతా చక్కెర పొడి పడిందట, సాక్షి చెప్పాడు, లారీ కూడా ఏం లేదు, అబ్బాయి మెల్లగానే వస్తున్నాడు, మలుపు తిరిగాడు, తిరిగినవాడు మళ్ళీ తిన్నగా రాలేదు, అలా తిరుగుతూనే పోయాడు, అన్నాడు. ఆ మాట పోలీసులకి అర్థం కాలేదు, వేగం అని రాసుకున్నారు. యదుల్లాకి ఆ రోజే అర్థమైంది. అర్థం కానట్టు నలభై రెండు రోజులు నమాజు చేశాడు, అన్నం తిన్నాడు, వచ్చినవాళ్ళకి టీలు పోశాడు.

వెనక బరువు ఎక్కువై ఉంటే? ఎక్కువైతే ముందు తేలికవుతుంది గానీ బరువవదు. తెలుసు. తెలిసీ అడుక్కుంటున్నాడు.

భుజాలు. దేన్ని తప్పించుకోవాలని టైర్లూ తీగలూ పట్టుకుని వేలాడుతున్నాడో అదే వచ్చి కూర్చుంది. ఆ పొద్దున గొడవ దేనికమ్మా అని తను అడగలేదు, ఏడోరోజు మర్జియేనే చెప్పింది, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ. పది రోజులుగా భుజాలు నొప్పులంటున్నాడు బాబా, రోజూ ఆలివ్ నూనె రాసి పిసికేదాన్ని, మెడ దగ్గర కండలు రాళ్ళల్లా ఉండేవి, డాక్టరు దగ్గరికి పొమ్మంటే పోడు, ఆ రోజుకి సెలవు పెట్టమంటే పెట్టడు, పెట్టెలు మోయడం వల్లేలే అంటాడు, దాంతో నాకు ఒళ్ళు మండి అరిచాను. ఇంత చెప్పి, ఇంత చిన్నదానికి అరిచాను బాబా, అని గిన్నె అక్కడే పెట్టి కూలబడి ఏడ్చింది. యదుల్లా పక్కన నిలబడి ఆమె తల నిమిరాడు. నిమురుతున్న చేతికి తెలుసు. ఎనిమిదేళ్ళు పెట్టెలు మోసినవాడికి ఆ పది రోజుల్లోనే భుజాలెందుకు పట్టేశాయో ప్రపంచంలో తెలిసిన మనిషి ఆ చేతి యజమాని ఒక్కడే. బండి తిన్నగా పోవాలంటే హ్యాండిల్ తనంతట తాను అటూ ఇటూ ఇసుమంత ఆడుతూ ఉండాలి, ఆడనివ్వకపోతే ఆ పని మనిషి భుజాలు చేయాలి, ప్రతి గజానికీ, ప్రతి గుంతకీ, పొద్దున్నించి సాయంత్రం దాకా. ఏ మెకానిక్కునైనా లేపి అడగండి, భుజాలు నొప్పి అంటే మొట్టమొదట హ్యాండిల్ మెడలో తిరిగే గోళీల గిన్నెలు, ఆ కోన్‌సెట్టు చూపించమంటాడు. ఆ కోన్‌సెట్టు మార్చింది యదుల్లా. పడడానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు.

మరి వాడు చెప్పొచ్చు కదా. ఇల్లు రెండు వీధుల అవతల, వచ్చి, ఉస్తా హ్యాండిల్ బిగువుగా ఉంది అంటే అయిదు నిమిషాల పని. చెప్పడు. వహీద్ చెప్పడు. నాలుగేళ్ళు ప్రతి శుక్రవారం అత్తగారింటికి భోజనానికి వచ్చి వంకాయ కూర మారు వడ్డించుకుని తిన్నాడు, యదుల్లా భార్య, మా అల్లుడికి వంకాయంటే ప్రాణం అని ఊరంతా చెప్పుకుని వారం వారం అదే వండింది, పోయాక తెలిసింది, వంకాయ పడేది కాదట, నాలుక దురద పెట్టేదట, ఇంటికెళ్ళి మజ్జిగ తాగి పడుకునేవాడట. గుమ్మం దగ్గర తనకన్నా చిన్నవాణ్ణి కూడా ముందు వెళ్ళమని పక్కకి జరిగే మనిషి. అటువంటివాడు మామ చేసిన పనికి, అదీ ఊరికే చేసిన పనికి, వంక పెడతాడా. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంటుందని నోరు కుట్టేసుకుని ఉంటాడు. కొత్త సామాను కదా, తిరగ్గా తిరగ్గా వదులవుతుందిలే అనుకుని ఉంటాడు. ఉస్తా చెయ్యి కదా, తప్పు నా భుజాలదే అనుకుని ఉంటాడు. ఒరే పిచ్చోడా, వంకాయ వేరు, ఇది వేరు కదరా, అని యదుల్లా పైకే అన్నాడు. కొట్లో ఎవరూ లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంజను కింద చెక్కదిమ్మ పెట్టి, సెంటరు స్టాండు వేసి, ముందు చక్రం నేలకి జానెడు ఎత్తు లేపాడు. ఈ పని మొదటే చేయాలి. నిజమైన ఉస్తా అయితే టైరూ లేదు, తీగలూ లేవు, ముందిదే చేస్తాడు. గంటసేపు దీని చుట్టూ తిరిగాడు, కుక్క కర్ర చుట్టూ తిరిగినట్టు. చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్‌ని నడిమధ్య పెట్టి వదిలేస్తే అది తనంతట తానే ఏదో ఒక పక్కకి పడిపోవాలి, నిద్రపోతున్న పిల్ల తల పక్కకి వాలినట్టు. పెట్టి వదిలాడు. అక్కడే నిలబడింది. ఎడమకి తిప్పి వదిలాడు, అక్కడే నిలబడింది. కుడికి, అక్కడా అంతే. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడుతోంది, చెప్పిన మాట వినే కొడుకులా. ఫోర్కు కాళ్ళు పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజాడు, వెంట్రుకవాసి లూజు లేదు. లూజు లేకపోవడమే రోగం.

షూలీ గిన్నె. కోన్‌సెట్టు మార్చిన రోజు పొరుగున ఉండే బతూల్ ఖానమ్ మొక్కు తీర్చుకుంటూ వీధంతా షూలీ పంచింది, ఆకుకూరా బీట్‌రూటూ పిండీ కలిపి వండిన చిక్కటి జావ, పైన పుదీనా కాచిన నూనె. మనవడి చేత పంపొచ్చు, పంపదు, ఉస్తాకి స్వయంగా ఇవ్వాలి. అప్పుడు యదుల్లా చేతిలో కొక్కెం స్పానరు ఉంది. కొత్త కోన్‌సెట్టు వేసి, గ్రీజులో గోళీలు ఒక్కొక్కటీ అమర్చి, నట్టుని గట్టిగా బిగించాడు. ముందు గట్టిగానే బిగించాలి, గిన్నెలు రెండూ సర్దుకుని కూర్చోవాలంటే ఒకసారి ఊపిరాడకుండా బిగించాల్సిందే, బిగించి, హ్యాండిల్ పదిసార్లు తిప్పి, అప్పుడు నట్టుని వదులు చేసి, మళ్ళీ చేతి బలంతో మెల్లగా తేవాలి, తెచ్చి రెండు వేళ్ళతో చూసుకోవాలి. గట్టిగా బిగించాడు, హ్యాండిల్ తిప్పుతున్నాడు, ఎన్నోసారో లెక్కపెడుతున్నాడు కూడా, ఇంతలో గుమ్మంలో గిన్నె. మొక్కు గిన్నె చేతికొస్తే కింద పెట్టకూడదు, ఖాళీగా తిరిగి పంపకూడదు, అది ఈ వీధి మర్యాద. లేచాడు, చేతులు కడుక్కున్నాడు, జావ తన గిన్నెలోకి ఒంచుకున్నాడు, వాళ్ళ గిన్నె కడిగి తుడిచాడు, అందులో పెట్టడానికి పటికబెల్లం ముక్క కోసం అరలన్నీ వెతికాడు, పెట్టి ఇస్తే ఆవిడ, అయ్యో ఎందుకండీ అంది, ఎంతమాట అన్నాడు, మీ మొక్కు ఫలించాలన్నాడు, మీ కొట్టు చల్లగుండాలంది, ఇలా ఆమె ఒకటీ తనొకటీ, గుమ్మంలో పావుగంట. తిరిగొచ్చి కూర్చుని, జావ వేడిగా ఉండగానే తాగి, పైనట్టు వేసి, మూత పెట్టి, హెడ్‌లైటు బిగించాడు. మధ్యలో ఆ వదులు చేసే ముక్క చేశాడా? నలభై రెండు రోజులుగా మనసులో ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళి తిరిగొస్తున్నాడు. గిన్నె కడగడం కనిపిస్తుంది, పటికబెల్లానికి అంటుకున్న చీమ కూడా కనిపిస్తుంది, స్పానరు వెనక్కి తిప్పిన చెయ్యి మాత్రం కనపడదు. ఆ తర్వాత వహీద్ వచ్చాడు, బండెక్కాడు, స్టాండు తీసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు, ఒక్క క్షణం ఆగాడు. ఆగాడు. ఆ ఆగడం యదుల్లా చూశాడు. చూసి, ఎలా ఉందిరా, అని అడిగాడు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు, పుట్టిన దగ్గర్నించీ ఒకటే, అది తెలిసీ అడిగాడు, ఆ జవాబే కావాలని అడిగాడు. గులాబీ పువ్వు, మీ చేతికి నొప్పి రాకూడదు ఉస్తా, అని వాడు గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకొక్క దారి మిగిలింది. తెల్లగీత. పని ముగిశాక, అంటే వదులు చేసి, వేళ్ళతో చూసుకుని, ఇక ఇది ముట్టుకోవక్కర్లేదు అనుకున్నాక, అగ్గిపుల్లని తెల్లరంగులో ముంచి నట్టు మీంచి మెడ మీదికి ఒక సన్నగీత గీస్తాడు. ఊళ్ళో ఇంకెవరూ గీయరు, మెకానిక్కులందరికీ తెలుసు, ఆ గీత ఉంటే యదుల్లా పని. గీత ఉంటే తను ముగించాడు, తర్వాత ఏదో జరిగింది, ఇంకెవడో ముట్టుకున్నాడు, దేవుడు ముట్టుకున్నాడు. గీత ఉంటే చాలు. గుడ్డ కిరోసిన్‌లో ముంచి ఆ నట్టు మీద నలభై రోజుల దుమ్మూ గ్రీజూ తుడిచాడు, మెల్లగా, పసిపిల్ల మూతి తుడిచినట్టు. ఒక పక్క లేదు. చుట్టూ తిరిగి రెండో పక్క తుడిచాడు. టార్చి దగ్గరికి పట్టాడు. వేలి గోటితో గీకాడు, రంగు పెచ్చు ఏమన్నా మిగిలిందేమోనని. ఇనుము ఇనుములాగే మెరిసింది. ముందు పక్క, వెనక పక్క, కింద అంచు, ఎక్కడా చుక్క తెలుపు లేదు. కొట్లోంచి నలభై ఏళ్ళలో గీత లేకుండా పోయిన హ్యాండిల్ ఇదొక్కటే అయ్యుంటుంది, అదీ సొంత కూతురి మొగుడిది. యదుల్లా చెక్కపెట్టె మీద కూర్చుండిపోయాడు. ఏడుపు వస్తుందనుకున్నాడు, రాలేదు, గొంతులో జావ రుచి వచ్చింది.

కొక్కెం స్పానరు గోడకే వేలాడుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. ఎనిమిదో వంతు చుట్టు, అంతకన్నా అక్కర్లేదు, పైనట్టు ఒకటి విప్పి, దీన్ని ఇంత వెనక్కి జరిపితే హ్యాండిల్ వెన్నలా తిరుగుతుంది, అగ్గిపుల్ల ఉంది, రంగు డబ్బా ఉంది, తర్వాత ప్రపంచంలో ఏ నిపుణుడొచ్చినా యదుల్లా పనికి వంక పెట్టలేడు. లేచాడు కూడా. స్పానరు తీశాడు, కొక్కెం నట్టు గాడిలో కూర్చుంది, చక్కగా, నలభై ఏళ్ళ స్నేహం. చెయ్యి మాత్రం తిరగలేదు. నీతి అడ్డమొచ్చి కాదు, నీతి అంత గట్టిదైతే ఆ రోజే వచ్చేది. వాడి చేతులు కడసారి పట్టుకున్నది ఈ బిగువునే కదా అనిపించింది. ఆ మలుపులో తిన్నగా రమ్మని వాడు ఈ హ్యాండిల్‌ని లాగాడు, ఇది రానంది, ఆ రానన్న మాట ఇంకా ఇందులోనే ఉంది. దీన్ని వదులు చేస్తే వాడు పడిన కష్టానికి సాక్ష్యం కూడా పోతుంది. స్పానరు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. చెప్పేద్దాం. పిల్ల వస్తుంది, చెప్పేద్దాం, షూలీ గిన్నెతో మొదలుపెట్టి తెల్లగీత దాకా అంతా చెప్పి, నీ అరుపు కాదు తల్లీ, నా చెయ్యి, అందాం. కొడితే కొడుతుంది. కొట్టినా బాగుణ్ణు. మొహాన ఉమ్మేసి పోయినా పరవాలేదు, వాళ్ళత్త ముందు తలెత్తుకు తిరుగుతుంది. ఆ మాట అనుకోగానే, ఎన్నాళ్ళ తర్వాతో, ఊపిరి అడుగు దాకా వెళ్ళింది.

షట్టరు కింద మొదట చెప్పులు కనిపించాయి, తర్వాత దుమ్ము పట్టిన నల్ల చాదరు అంచు. మర్జియే వంగి లోపలికొచ్చింది. పళ్ళెంలో రెండు ఖర్జూరాలు మిగిలాయి, బల్ల మీద పెట్టింది. సలాం చెప్పలేదు, వాళ్ళ మధ్య అది ఎప్పుడూ లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. విప్పిన హెడ్‌లైటు, లేపిన చక్రం, తుడిచిన, గీత లేని నట్టు, బల్ల మీద కొక్కెం స్పానరు, వరసగా చూసింది.

"చూశావా బాబా?"

యదుల్లా నోరు తెరిచాడు. గిన్నెతో మొదలుపెట్టాలి. బతూల్ ఖానమ్ అనాలి. నువ్వే చూడు అన్నట్టు చేత్తో హ్యాండిల్ చూపించాడు, అంతే చేతనైంది.

మర్జియే దగ్గరికొచ్చింది. చెక్కపెట్టె అక్కర్లేదిప్పుడు. కళ్ళు మూసుకుంది, ఇరవై ఏళ్ళ కిందటిలాగే, రెండు వేళ్ళు హ్యాండిల్ చివర పెట్టింది. తోసింది. హ్యాండిల్ కదల్లేదు. ఇంకాస్త తోసింది, గోళ్ళు తెల్లబడ్డాయి. అప్పుడు అరచెయ్యి మొత్తం వేసి పట్టుకుంది, వేసి తిప్పితే మెల్లగా, మొండిగా సగం దాకా వచ్చింది, వదిలితే అక్కడే ఆగింది. ఆమె చెయ్యి దాని మీదే ఉండిపోయింది. రెండో చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచి, మెడ పక్కన, భుజం మీద, రోజూ నూనె రాసిన చోట ఆగింది. యదుల్లా ఆ చేతినే చూస్తున్నాడు. పెదాలు చూస్తున్నాడు. ఏడేళ్ళప్పటి మాట ఇప్పుడు వస్తుంది, బరువు బాబా, అంటుంది, ఆ ఒక్క మాట అంటే మిగతాదంతా తనే చెప్పేస్తాడు, కాళ్ళ మీద పడి చెప్పేస్తాడు. అను తల్లీ. మన కొట్లో మొహమాటం లేదు కదా.

మర్జియే కళ్ళు తెరిచింది. తండ్రి మొహం వైపు చూడలేదు, చేతుల వైపు చూసింది, గ్రీజు పట్టి, మోకాళ్ళ మీద పడి ఉన్న ఆ రెండు ముసలి చేతుల వైపు. చాదరు సర్దుకుంది.

"బాగుంది బాబా. బండిలో ఏం లేదు," అంది. "నీ చేతికి నొప్పి రాకూడదు."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తండ్రితో అనలేదు. ఇరుగుపొరుగుతో అంది, కొట్టువాళ్ళతో అంది, చుట్టాలతో అంది, తండ్రితో ఇదే మొదలు. గుండె మీద చెయ్యి వేసుకుని, తల కొంచెం వంచి, గిరాకీలు వెళ్ళేటప్పుడు చేసినట్టే చేసి, వంగి షట్టరు కింద నించి బయటికి వెళ్ళింది. ఎండలో ఆమె అడుగులు వినిపిస్తున్నాయి, తొందరేం లేదు వాటికి. అటువైపే వాళ్ళ అత్తగారిల్లు. వీధి మలుపు దాకా నలభై అడుగులు, పిలిస్తే వినపడేంత దూరం. యదుల్లా లేచి షట్టరు దాకా వచ్చి, పైకెత్తడానికి దాని అంచు పట్టుకున్నాడు. అడుగులు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాయి. యదుల్లా పిలవలేదు.